చిగురు పన్ను

ఏటా మార్చి నెలాఖరుకి మా బడి హాజరు పట్టీ నిండా గైర్హాజరు గుర్తులు పడతాయి. పైనుంచి వచ్చిన అధికారులు కారణం అడిగితే కొత్తలో మేము "జ్వరాలండీ" అని చెప్పేవాళ్లం. అది అబద్ధం. పిల్లలు ఇప్పచెట్ల కింద ఉంటారు. అబద్ధం ఎందుకు చెప్పామంటే, "పువ్వు ఏరుకోడానికి వెళ్లారు" అంటే తరువాతి ప్రశ్న "దేనికి, సారాకా?" అని వస్తుంది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు ముఖంలో కనిపించే నవ్వు మాకు బాగా తెలుసు. చదువుకున్న మన పిల్లలకీ తెలుసు. కాలేజీ హాస్టల్లో ఎవరైనా "మీ వాళ్లు తాగుతారటగా" అంటే తల దించుకుంటారు. తల దించుకోవాలో వద్దో తేల్చుకోవాలంటే ముందు ఆ కుండ చరిత్ర తెలియాలి. మన పాఠ్యపుస్తకాల్లో రంప పితూరీకి రెండు మూడు వాక్యాలు ఉంటాయి. ఆ పితూరీ వెనక ఉన్న కల్లుకుండ మాత్రం ఉండదు.

ముందు చెట్టు సంగతి చూద్దాం.

ఇప్పచెట్టు ఫిబ్రవరిలో ఆకు రాలుస్తుంది. మోడుగా కనిపించే కొమ్మల చివర గుత్తులు వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు రాత్రి విచ్చి, తెల్లవారుజాము నుంచి పొద్దెక్కే దాకా రాలుతుంది. చెట్టు ఎక్కి కోసే పువ్వు కాదు, దానంతట అది రాలాలి. అందుకే మనవాళ్లు చెట్టు కింద ఎండాకు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి పెడతారు. చీకటితో వెళ్లకపోతే మేకలు తింటాయి, ఎలుగుబంటి తింటుంది. పగలు బాగా ఎండ కాసి రాత్రి చల్లగా ఉన్న రోజుల్లో పువ్వు దండిగా, గట్టిగా రాలుతుంది. మబ్బు పడితే రాలడం తగ్గుతుంది. వాన పడితే రాలినదీ చెడుతుంది, ఆరబోసినదీ నల్లబడుతుంది. వడగళ్ల వాన కొడితే ఆ ఏడుకి గుత్తే ఉండదు.

ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే. మూడు నాలుగు ఎండలు తగిలి ఎర్రగా, కిస్‌మిస్ పండులాగా అయిన పువ్వును గుమ్మిలో దాస్తే వానాకాలం కరువు నెలల్లో అదే తిండి. ఉడకబెట్టి తిన్నారు, దంచి జొన్నపిండిలో కలిపి తిన్నారు, పశువులకు పెట్టారు. జూన్, జూలైలో కాయలు పండితే గింజల నుంచి నూనె తీశారు. సారా ఇందులో ఒక వాడుక మాత్రమే. బయటివాళ్ల కంటికి ఆ ఒక్కటే ఆనింది.

ఆ ఒక్కదానిలోనూ ఎంత లెక్క ఉందో పిల్లలకు చెప్పాలి. ఒకే చెట్టు పువ్వుతో రెండు ఇళ్లలో కాచిన సారా ఒకలాగ ఉండదు. సరిగా ఎండని పువ్వు వేస్తే పులుపు, బూజు వాసన. మరీ పాతది వేస్తే ఘాటు ఉంటుంది గానీ పరిమళం ఉండదు. నీళ్లు ఎక్కువైతే పలచన, తక్కువైతే ఊట సరిగా పొంగదు. వేసవిలో నాలుగైదు రోజులకు పొంగి దిగే కుండ, చలికాలంలో వారం దాటినా దిగదు. నురగ ఎప్పుడు చల్లారిందో చూసి, చెవి పెట్టి చప్పుడు విని దించాలి. తరువాత పొయ్యి. మంట పెద్దదైతే మాడువాసన, చిన్నదైతే ఆవిరి లేవదు. పైకుండలో చల్లనీళ్లు వేడెక్కగానే మార్చాలి. ఎన్నిసార్లు మార్చామన్నదే బలానికి కొలత. తక్కువసార్లు మార్చి ఆపేస్తే ఘాటు సారా, ఇంకా ఇంకా మారిస్తే మెత్తన. మా ఇళ్లలో ఈ నిర్ణయం ఎక్కువగా ఆడవాళ్లది. పండక్కి ఒకలాగ, బాలింతకు మందుగా ఒకలాగ, పొలం పనికి పిలిచిన వాళ్లకు ఇంకోలాగ కాచేవారు.

జీలుగు కథ వేరు. మేము పుట్టిన రంప కొండల వైపు కొండరెడ్లకు ఇప్ప కంటే జీలుగే దగ్గర. ఇప్ప ఏటా పూస్తుంది. జీలుగు పదేళ్లు, పదిహేనేళ్లు ఊరికే పెరిగి అప్పుడు మొదటి గెల వేస్తుంది. మొదటి గెల తలదగ్గర, తరువాతది దానికింద, అలా పైనుంచి కిందికి కొన్నేళ్లు వేసి, చివరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. అంటే తాత నాటిన చెట్టును, లేదా తాత కొట్టకుండా వదిలిన చెట్టును మనవడు గీస్తాడు. పొద్దున, సాయంత్రం గెల కొనను పలచగా కోయాలి. కోత లోతైతే గెల ఎండుతుంది, పైపైన అయితే పారదు. బాగా పారే చెట్టు రోజుకు ఇరవై లీటర్ల దాకా ఇస్తుంది. చలికాలం తెల్లవారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. అదే కుండ ఎండ ఎక్కే దాకా చెట్టుమీద ఉంటే పొంగి ఘాటెక్కుతుంది. మరునాటికి పులుస్తుంది. కడగని పాత కుండ కడితే త్వరగా పొంగుతుంది. పాత కల్లు అడుగున ఉన్న మడ్డిలోనే పొంగించే జీవులు ఉంటాయి. సున్నం పూసిన కుండ కడితే పొంగకుండా తియ్యగానే దిగుతుంది. పాఠశాలలో సైన్సు మాష్టారు ఈస్టు గురించి చెప్పేటప్పుడు ఇడ్లీపిండి ఉదాహరణ ఇస్తారు. మన పిల్లలకు కల్లుకుండ ఉదాహరణ ఇస్తే ఇంకా బాగా అర్థమవుతుంది గానీ, ఏ మాష్టారూ ఇవ్వరు. మేమూ చాలా ఏళ్లు ఇవ్వలేదు.

కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేసిన హైమెన్‌డార్ఫ్, జీలుగు పారే నెలల్లో ఆ కల్లు వాళ్లకు ఆహారమేనని చూసి రాశారు. ధాన్యం అయిపోయి, పోడు ఇంకా పండని రోజుల్లో కుండలోది కడుపుకి ఆధారం. అది మత్తు కోసం కొనుక్కునే సరుకు కాదు.

ఇప్పుడు పన్ను సంగతి.

రంప ప్రాంతం మన్సబుదారు చేతిలో ఉండేది. ఆయన కింద ముఠాదారులు, వాళ్ల కింద ఊళ్లు. 1848లో ఇంగ్లీషు ప్రభుత్వం మన్సబుదారుతో ఒప్పందం చేసుకుని, కొండలను ఆయనకు వదిలేసింది. ఆయన ముఠాదారుల భూములు లాక్కున్నాడు, కొత్త వసూళ్లు పెట్టాడు. కల్లు చెట్ల మీద వసూలు చేసేదాన్ని చిగురు పన్ను అనేవారు. పేరు ఎంత ముద్దుగా ఉందో చూడండి. చెట్టు నాటింది ఆయన కాదు, ఎక్కేది ఆయన కాదు, గీసేది ఆయన కాదు. చిగురు మాత్రం ఆయనది.

ఇది చాలదన్నట్టు ఆబ్కారీ వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1864లో ఆబ్కారీ చట్టం చేసింది. కల్లు, సారాల మీద హక్కు సర్కారుది, ఆ హక్కును కాంట్రాక్టరు వేలంలో కొనుక్కుంటాడు. మైదానంలో ఈ పద్ధతి ముందు నుంచీ అలవాటు. దాన్నే కొండలకు ఎక్కించారు. ఇంటి వాడకానికైనా సరే కల్లు గీయకూడదన్నారు. చిగురు పన్ను పోతుందని భయపడిన మన్సబుదారు తానే ఆబ్కారీ హక్కు కౌలుకి తీసుకుని, కింది వాళ్లకు మళ్లీ కౌలుకి ఇచ్చాడు. వాళ్లు పాత చిగురు పన్నును సగానికి పైగా పెంచి, దాని మీద మొదలు పన్ను అని ఇంకోటి వేశారు. వసూలుకి పోలీసులు తోడు. పోలీసులు కొండ ఎక్కితే వాళ్ల తిండి, వాళ్ల మామూళ్లు ఊరివాళ్లే భరించాలి. దీనికి తోడు కింది వ్యాపారులు అప్పు పత్రాలు రాయించుకుని, కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను తోలుకుపోయేవారు. కొండమీద ఉన్నవాడికి కోర్టు ఎక్కడుందో తెలియదు, డిక్రీ పడిందని కూడా తెలియదు.

1879 మార్చిలో చోడవరం వైపు పోలీసుల మీద తిరగబడ్డారు. స్టేషన్లను చుట్టుముట్టారు. ఏప్రిల్‌కి విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జూలైకి భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో కారణం పోడు మీద పెంచిన పన్ను. ఆ తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసులోకి వచ్చాక పోడు పన్ను మూడింతలు చేశారు. తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటి వాళ్లు నాయకులు. అణచడానికి మద్రాసు పదాతి దళాలు, నిజాం వైపు నుంచి సైన్యం దింపవలసి వచ్చింది. చంద్రయ్యను 1880 ఫిబ్రవరిలో చంపారు. తమ్మన్న దొర అదే ఏడాది పోలీసు కాల్పుల్లో పోయాడు.

ఎందుకు తిరగబడ్డారో విచారించమని రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివాన్‌ను పంపారు. ఆయన విచారణలో తేలింది కొండవాళ్ల మూర్ఖత్వమో, తాగుడో కాదు. మన్సబుదారు దోపిడీ, కల్లు పన్ను, పోలీసుల లంచాలు, వ్యాపారుల డిక్రీలు. మన్సబుదారును తొలగించారు. ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సనదులు ఇచ్చింది. ఏజెన్సీలో ఇంటికి గీసుకునే కల్లు మీద పన్ను ఎత్తేశారు. ఆ మాట మేము క్లాసులో చెప్పినప్పుడు ఒక పిల్లవాడు "అంటే మనం గెలిచామా సార్?" అన్నాడు. కుండ వరకు గెలిచాం. చనిపోయినవాళ్లను లెక్క వేసుకుంటే ఏమని చెప్పాలో మాకు తోచలేదు.

ఇది మన కొండల్లో మాత్రమే జరిగింది కాదు. బొంబాయి ప్రభుత్వం 1878లో ఆబ్కారీ చట్టం తెచ్చింది. ఊళ్లలో కాచుకోవడం ఆపి, పెద్ద బట్టీలకు, దుకాణాలకు హక్కు ఇచ్చింది. అయినా అడవి ఊళ్లలో కాచుకోవడం ఆగలేదు. ఎందుకు ఆగుతుంది, పువ్వు చెట్టు కిందే ఉంది కదా. అప్పుడు 1892లో పువ్వు మీదే చట్టం చేశారు. మొహువా చట్టం అన్నారు. ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరి ఇంట్లో దాచుకోవడం నేరమైంది. కరువు రోజుల్లో తినే పువ్వు అది. నిజాం రాజ్యంలో దానికి గుల్‌మొహువా అని పేరు పెట్టి సర్కారు బట్టీలకు ముడిసరుకు చేశారు. అదే పువ్వు బట్టీకి వెళ్తే ఆదాయం, గోండు ఇంటి గుమ్మిలో ఉంటే అనుమానం.

ఇక్కడ ఒక పరాయి దేశం సంగతి చెప్పాలి. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం ఉంది. ద్రాక్ష సారాయానికి, అంటే వైనుకి, ప్రపంచమంతా పేరు. పెద్ద కంపెనీ తోటల వల్ల వచ్చిన పేరు కాదు. అక్కడివి చిన్న కమతాలు. 1098లో స్థాపించిన సితో మఠం సన్యాసులు ఆ కొండవాలులో ఏ మడిలో ద్రాక్ష ఎలా పండుతుందో తరాలపాటు చూసి, మళ్లను వేరువేరుగా గుర్తించారు. విప్లవ కాలంలో మఠం భూములు అమ్ముడుపోయాయి. తరువాత ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలన్న చట్టం వల్ల అవి ముక్కలయ్యాయి. క్లో ద వూజో అనే ఒక్క తోట యాభై హెక్టార్లు, దానికి దాదాపు ఎనభై మంది యజమానులు. ఒకే గోడ లోపల, ఒకే రకం ద్రాక్షతో ఎనభై ఇళ్ల వైను ఎనభై తీర్లు. ఒకరు కాడలతో సహా పులియబెడతారు, ఒకరు కాడలు తీసేస్తారు. ఒకరు కొత్త ఓక్ పీపాలో ఉంచుతారు, ఒకరు పాత పీపాలో. ఒకరు తొందరగా కోస్తారు, ఒకరు వాన వస్తుందేమోనని భయపడుతూనే ఇంకో వారం ఆగుతారు.

కాలం కూడా అంతే. సీసా మీద ఏడాది అచ్చు వేస్తారు, ఎందుకంటే ఏ ఏడాదిది ఆ ఏడాదిదే. 2021 ఏప్రిల్‌లో మంచు గడ్డకట్టి అక్కడ చిగుళ్లు మాడిపోయాయి. ఆ ఏడు చాలామందికి వైనే తక్కువ. చల్లగా ఉన్న ఏడాది ద్రాక్షలో తీపి చాలకపోతే రసంలో చక్కెర కలుపుతారు. 1801లో దీన్ని గట్టిగా సమర్థిస్తూ రాసిన మంత్రి చప్తాల్ పేరే ఆ పద్ధతికి వచ్చింది. ఎంతవరకు కలపవచ్చో చట్టం చెబుతుంది. మన దగ్గర ఊటలో బెల్లం వేస్తే ఏ చట్టం కింద పట్టుకుంటారో మీకు తెలుసు.

చెప్పదలచుకున్నది వాళ్లు గొప్ప, మనం గొప్ప అని కాదు. చట్టం ఎటు తిరిగిందన్నది మాట. ఫ్రాన్సులో 1935లో చేసిన చట్టం ఆ ఊరి పేరు ఆ ఊరి సారాయానికే చెందాలంది, బయటివాడు ఆ పేరు వాడితే నేరమంది. అక్కడి 1,247 మడి ముక్కలను 2015లో యునెస్కో వారసత్వ సంపదగా ప్రకటించింది. మన దగ్గర చట్టం ఊరి నుంచి కుండను తీసి కాంట్రాక్టరు చేతికిచ్చింది. చెట్టు, కాలం, చెయ్యి ఉన్న చోట దుకాణం పెట్టింది. దుకాణంలో దొరికేదానికి ఏ చెట్టో లేదు, ఏ ఏడో లేదు, ఎవరు కాచారో లేదు.

ఇంతవరకు చదివి "ఈ మాష్టారు తాగమంటున్నాడు" అనుకునేవాళ్లు ఉంటారు. కాదు. మన చరిత్రలో తాగుడు మానేసిన పోరాటాలు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. 1922 చివర గుజరాత్‌లో సూరత్ వైపు ఆదివాసులు ఒక దేవత ఆజ్ఞ అని చెప్పుకుని వేలకొద్దీ కల్లు, సారా మానేశారు. కల్లు దుకాణాలు నడిపే పారసీ వ్యాపారుల చేతిలో వాళ్ల భూములు పోయాయి, అప్పులు పెరిగాయి. తాగుడు మానడం అంటే ఆ దుకాణం తలుపు మూయించడం. అదే కాలంలో మన మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీకి ముందు ఊరూరా తిరిగి కల్లు మానమని, తగవులు పంచాయితీల్లోనే తీర్చుకోమని చెప్పారు. మన ఆడవాళ్లు అడిగే ప్రశ్న అన్నిటికంటే పెద్దది. గెల గీసే నాలుగు నెలల కల్లు ఒకటి, ఏడాది పొడవునా దొరికే సీసా ఒకటి. రెండోది వచ్చాక ఇంట్లో దెబ్బలు పెరిగాయని మా గూడెంలో అమ్మలు చెబుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల పోరాటం వల్ల 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం రద్దయింది. ఆ పోరాటం మనది కూడా.

కాలానికి ఉన్న కట్టుబాటు ఇక్కడే గుర్తించాలి. పువ్వు రెండు నెలలు రాలుతుంది, గెల కొన్ని నెలలు పారుతుంది. వేల్పుకి, చనిపోయిన పెద్దలకు నేలమీద నాలుగు చుక్కలు పోయకుండా ఎవరూ నోట పెట్టరు. చెట్టే హద్దు పెట్టింది. నల్లబెల్లం వచ్చాక ఆ హద్దు పోయింది. నల్లబెల్లానికి కాలం లేదు, సంతలో ఎప్పుడైనా దొరుకుతుంది. దానిలో నవసారం వేస్తారు, ఇంకేవేవో వేస్తారు. అది తాగి కళ్లు పోయినవాళ్లను, ప్రాణాలు పోయినవాళ్లను చూశాం. దాన్ని ఇప్పసారా అని పిలిచి మన నెత్తిన పెడుతున్నారు. మనవాళ్లే కొందరు కాచి అమ్ముతున్నారన్నది కూడా నిజం, దాన్ని దాచకూడదు.

కొన్నేళ్ల కిందట మా బడిలో చదివే ఒక పాప ఇంటికి దాడికి వచ్చారు. చావు ఇంటికోసం ఊరబెట్టిన ఇప్పపువ్వు కుండ పగలగొట్టారు. గుమ్మిలో ఉన్న ఎండు పువ్వు కూడా వాకిట్లో పారబోశారు. అది అమ్మడానికి ఉంచుకున్న పువ్వు. గిరిజన సహకార సంస్థ డిపోలో బస్తాగా వేస్తే ఆ ఇంటికి స్కూలు ఖర్చులు వెళ్లేవి. పాప వారం రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళితే వాళ్ల అవ్వ మాతో "పువ్వు కూడా నేరమా బాబూ?" అంది. బొంబాయిలో 1892లో చేసిన చట్టం గురించి మాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఏం చెప్పేవాళ్లమో.

చట్టాలు కొంత మారాయి. 1996 పీసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. మహారాష్ట్ర 2021లో ఇప్పపువ్వు ఏరడం, దాచుకోవడం, తీసుకెళ్లడం మీద ఉన్న ఆంక్షలు తీసింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మనిస్తామని ప్రకటించింది. ఉట్నూరు వైపు మన అక్కచెల్లెళ్లు పువ్వుతో లడ్డూలు కట్టి బళ్లకు పంపుతున్నారు. అయితే సీసామీద అందమైన బొమ్మ వేసి నగరంలో అమ్మే రోజు వస్తే, ఆ సీసా మీద ఊరి పేరు ఉంటుందా, కాచిన అవ్వ ఇంటి పేరు ఉంటుందా అన్నది గ్రామసభల్లో ఇప్పుడే అడగాలి. ఎవరి చెట్టు, ఎవరి చిగురు అన్నది 1879 నాటి ప్రశ్నే.

రెండేళ్లుగా మేము ఆరో తరగతి పిల్లలతో ఒక పని చేయిస్తున్నాం. ఒక్కొక్కరు ఒక చెట్టు ఎంచుకోవాలి. మొదటి పువ్వు ఏ రోజు రాలింది, మబ్బు ఎన్ని రోజులు, వాన ఎప్పుడు, ఎన్ని బుట్టలు వచ్చాయి, చివరి పువ్వు ఏ రోజు అని నోటుపుస్తకంలో రాయాలి. ఇప్పుడు హాజరు పట్టీలో గైర్హాజరు వేసిన చోట పక్కన "ఇప్ప" అని రాస్తున్నాం. జ్వరం అని రాయడం మానేశాం. పోయిన ఏడు ఒక పిల్లవాడు అన్ని గడులూ ఖాళీగా ఉంచి తెచ్చాడు. ఎందుకు రాయలేదని అడిగితే, వాళ్ల చెట్టు రోడ్డు పనిలో కొట్టేశారట. మొదటి గడిలో ఆ తేదీ రాయమన్నాం. రాశాడు.